గోడ మీద బొమ్మ వేసి ఫొటో తీయాలంటే ఏది మేలు: డిజిటల్ ప్రొజెక్టరా, చీకటి గదా, స్లైడా?

మా నానమ్మ పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోని సున్నపు గోడ మీద వేసి, ఆ గోడని ఫొటో తీద్దామని ఒక డిజిటల్ ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చాను. కంటికి బ్రహ్మాండంగా కనిపించింది. షట్టర్ 1/500 సెకను పెట్టి తీస్తే మాత్రం నానమ్మ నుదుటి మీద ఎరుపు, చెంపల మీద ఆకుపచ్చ చారలొచ్చాయి. కెమెరా పోయిందేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను.

తప్పు కెమెరాది కాదు. సూక్ష్మమైన అద్దాల చిప్ ఒక్కటే ఉండే డీఎల్‌పీ ప్రొజెక్టర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మల్ని ఒకదాని వెంట ఒకటి గబగబా చూపిస్తుంది. వాటిని కలిపి ఒకే బొమ్మగా చూసేది మనమే. నమ్మకం కుదరకపోతే ఆ ప్రొజెక్టర్ తెల్లటి వెలుగులో చెయ్యి వేగంగా ఊపండి, వేళ్ల అంచుల్లో రంగులు విడిపోయి కనిపిస్తాయి. షట్టర్ 1/30కి దించితే చారలు చాలావరకు పోతాయి. మూడు రంగుల్నీ ఒకేసారి వేసే ఎల్‌సీడీ రకానికి ఈ బెడద లేదు. నలుపు దగ్గర మాత్రం రెండూ రెండే: వెలుగు కాస్త కారుతూనే ఉంటుంది, బొమ్మ చుట్టూ బూడిదరంగు చట్రం తేలుతుంది.

చీకటి గదికి ఖర్చే లేదు. కిటికీ అంతా నల్ల చార్టుతో మూసి ఒక సెంటీమీటరు బెజ్జం వదిలితే, ఎదురిల్లు తలకిందులుగా మీ గోడ మీదికి వస్తుంది. హంపి విరూపాక్షాలయంలో గోపురం నీడ తలకిందులుగా పడటం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అబెలార్డో మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ 1991 నుంచి మామూలు గదుల్ని ఇలాగే కెమెరాలుగా మార్చాడు. ఫిల్మ్ మీద ఒక్కో ఫొటోకి గంటల తరబడి ఎక్స్‌పోజర్, అంటే అంతసేపూ వెలుగు పడనివ్వాలి. కాకపోతే కిటికీ అవతల ఏముంటే అదే బొమ్మ, నానమ్మని పిలవలేం.

నా ఓటు స్లైడ్ ప్రొజెక్టర్‌కే, అంటే చట్రంలో బిగించిన చిన్న ఫిల్మ్ ముక్క గుండా వెలుగు పంపి బొమ్మ వేసే పాతకాలపు యంత్రానికే. కొడాక్ వీటి తయారీని 2004లోనే ఆపేసింది, బల్బు కోసం తిరగాలి, ఫ్యాన్ మోత సరేసరి. అయినా హాలోజన్ వెలుగు నిలకడగా ఉంటుంది, షట్టర్ ఎంత పెట్టినా చారలు రావు. పసుపు ఛాయని కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 3200 కెల్విన్ దగ్గర పెట్టి సరిచేసుకోవచ్చు. షిమోన్ ఆటీ అనే కళాకారుడు 1991-93లో బెర్లిన్‌లోని పాత యూదుల పేటలో, యుద్ధానికి ముందు తీసిన అక్కడి ఫొటోల్ని స్లైడ్లుగా ఆ వీధి గోడల మీదే వేసి, రాత్రిపూట ఫొటోలు తీశాడు. గోడ పెచ్చులూ, పాత మొహాలూ ఒకే ఫ్రేములో పడ్డాయి.

పైగా స్లైడ్‌కి ఫొటోయే అక్కర్లేదు. ఎర్ర ఉల్లిపాయ పైపొరని రెండు గాజు పలకల మధ్య పెట్టి వేశాను. 36 మిల్లీమీటర్ల ముక్క గోడ మీద 2 మీటర్లకు సాగింది, అంటే దాదాపు 56 రెట్లు. పొర సరిగా ఆరలేదు కాబోలు, బల్బు వేడికి లోపల ఆవిరి పట్టింది. గోడ మీద చింతగింజలంత చుక్కలు పుట్టి, ఒకదాన్నొకటి మింగుతూ పెద్దవయ్యాయి. ఆరబెట్టి మళ్లీ వేద్దామనుకున్నవాణ్ణి, ముందు ట్రైపాడ్ దగ్గరికి పరిగెత్తాను.