పాత రూటర్‌ని బాగుచేసుకోవడమా, కొత్తది కొనడమా, మెష్ పెట్టించడమా: ఏది మేలు?

రోజుకి రెండుమూడుసార్లు రూటర్ స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి మళ్లీ వేస్తున్నారంటే మీ ఇంట్లో నెట్‌కి ఏదో జబ్బు ఉన్నట్టే. ఆపి వేయగానే కాసేపు బాగుంటుంది కాబట్టి తగ్గిపోయిందనుకుంటాం. మా ఇంట్లో దాదాపు మూడు నెలలు ఇలాగే గడిచాయి. వీడియో కాల్ మధ్యలో బొమ్మ బిగుసుకుపోయేది. పిల్లల ఆన్‌లైన్ పరీక్ష సగంలో ఉండగా వైఫై గుర్తు మాయమయ్యేది. ఆ టెన్షన్‌లో ఎవరికైనా మొదట తోచేది కొత్త రూటర్ కొనేయడమే. నాకూ అదే తోచింది. చివరికి కొన్నాను కూడా. కానీ కొనేలోపు తెలుసుకున్న విషయాలు లేకపోతే తప్పుడు వస్తువు కొని, అదే బాధ కొత్త డబ్బాతో పడేవాడిని.

రూటర్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చడం తర్వాతి పని. ముందు తేలాల్సింది తప్పు ఎక్కడుందో. బయటి నుంచి వచ్చే లైన్‌లో ఉండొచ్చు, రూటర్‌లోనే ఉండొచ్చు, రూటర్‌కీ మీ ఫోన్‌కీ మధ్య ఉన్న గాలిలో ఉండొచ్చు. మూడింటికీ మందులు వేరు. లైన్‌లో తప్పుంటే ఎంత ఖరీదైన రూటర్ పెట్టినా ఏమీ మారదు.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో రూటర్ చిరునామాకి, ఇంకోదాంట్లో బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ చిరునామా 8.8.8.8కి ఆగకుండా పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే చిన్న పలకరింపు) పెట్టండి. రూటర్ చిరునామా చాలావరకు 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది, కింద అంటించిన స్టిక్కర్ మీద కనిపిస్తుంది. నెట్ పోయిన క్షణంలో ఆ రెండు విండోలూ చూడండి. రూటర్ జవాబిస్తూనే ఉండి బయటి పింగ్ మాత్రం ఆగిందంటే లైన్ మీద అనుమానపడాలి. ఫైబర్ కనెక్షన్ అయితే ఆ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలిగిందేమో చూడండి. వెలిగితే ఫైబర్‌లో సిగ్నలే రావడం లేదని అర్థం, ఆ పని కంపెనీ వాళ్లు చేయాల్సిందే. రెండు పింగులూ ఒకేసారి ఆగితే ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కి కలిపి మళ్లీ చూడండి. కేబుల్ మీద బాగుండి వైఫై మీదే పోతుంటే తప్పు గాలిలోనో, రూటర్‌లోని రేడియోలోనో ఉంది. కేబుల్ మీద కూడా రెండూ ఆగిపోతుంటే రూటరే కూలబడుతోంది.

మాది ఆ చివరి రకం. రూటర్ సెట్టింగ్స్ పేజీలో అప్‌టైమ్ అని ఒక లెక్క ఉంటుంది, ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెబుతుంది. ఒకరోజు సాయంత్రం చూస్తే అది 40 నిమిషాలు చూపించింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ రూటర్‌ని ముట్టుకోలేదు. అంటే దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతోంది. నాలుగు రోజులు గమనిస్తే, అందరూ ఇంట్లో ఉండి ఒకేసారి నెట్ వాడే వేళల్లోనే ఎక్కువగా జరుగుతోందని తెలిసింది.

అప్పుడు అడాప్టర్ మీదికి దృష్టి వెళ్లింది. అడాప్టర్‌లో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండి బలహీనపడతాయి. రూటర్ ఖాళీగా ఉన్నప్పుడు అడాప్టర్ ఎలాగో నెట్టుకొస్తుంది. పని ఎక్కువై కరెంటు ఎక్కువ లాగగానే వోల్టేజ్ పడిపోతుంది, రూటర్ రీస్టార్ట్ అవుతుంది. మా అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. అదే పిన్‌తో 12 వోల్టులు, 1.5 ఆంపియర్లది పెట్టాను. రీస్టార్ట్‌లు ఆ రోజుతో ఆగిపోయాయి. అడాప్టర్ మార్చేవాళ్లు ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోవాలి. వోల్టేజ్ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, పిన్ లోపల ప్లస్ ఉందా మైనస్ ఉందా అని చూపే గుర్తు కూడా కలవాలి. వోల్టేజ్ ఎక్కువున్నది పెడితే రూటర్ కాలిపోవచ్చు.

అందుకే నా దృష్టిలో మొదటి దారి బాగుచేసుకోవడమే. అడాప్టర్ ఒక్కటే కాదు, చేతిలో ఉన్న రూటర్‌తోనే సరిదిద్దుకోగలిగినవి ఇంకా ఉన్నాయి. టీవీ వెనకో, ఇనప బీరువా పక్కనో, నేల మీదో ఉన్న రూటర్‌ని ఇంటి మధ్యలో కాస్త ఎత్తున పెడితే చాలా తేడా కనిపిస్తుంది. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు, అంటే విడివిడి దారులు, 1, 6, 11 మాత్రమే. చుట్టుపక్కల రూటర్లన్నీ 6లో ఉంటే మీది 1కో 11కో మార్చండి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. మైక్రోవేవ్ ఓవెన్ నడిచినప్పుడే నెట్ తడబడుతోందా? అది కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది, ఆ గదిలో వాడే ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకోవచ్చు.

5 గిగాహెర్ట్జ్‌లో ఇంకో చిక్కుంది, దీని గురించి చాలామందికి తెలియదు. ఛానెల్ 52 నుంచి 144 దాకా రాడార్లు కూడా వాడే జాగా. అక్కడ రాడార్ లాంటి సిగ్నల్ వినబడితే రూటర్ వెంటనే ఆ ఛానెల్ వదిలేయాలన్నది నిబంధన. అలాంటి ఇంకో ఛానెల్‌కి వెళితే ముందు కనీసం ఒక నిమిషం ఊరికే విని, ఆ తర్వాతే మొదలుపెట్టాలి. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్నట్టుండి ఒక నిమిషం మాయమై తిరిగొస్తుంటే దాన్ని పాడైపోయిందనుకోకండి. ఛానెల్‌ని ఆటో నుంచి తీసి 36, 40, 44, 48లలో ఒకటి పెట్టి వారం రోజులు చూడండి.

మరి ఇవన్నీ చేశాక కొత్తది ఎందుకు కొన్నాను? రెండు కారణాలు. మొదటిది, మా పాత రూటర్‌కి ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లవుతోంది. నెట్ బాగానే వస్తోంది కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు నచ్చదు. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల రూటర్లు, స్టోరేజ్ పరికరాల్లోకి దూరింది. అందరూ రూటర్లు రీబూట్ చేయండని అమెరికాలో ఎఫ్‌బీఐ చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో ప్రతి ఫోనూ, ప్రతి పాస్‌వర్డూ వెళ్లేది ఆ చిన్న డబ్బా గుండానే. కంపెనీ చేతులెత్తేసిన రూటర్‌ని ఇంటి గుమ్మంలో కాపలా పెట్టడం ప్రమాదం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కించి పాతదానికి ఆయుష్షు పెంచే దారి ఉంది, 2004 నుంచి నడుస్తున్న మంచి ప్రాజెక్టు అది. కానీ మీ మోడల్ దాని జాబితాలో ఉండాలి, మెమరీ సరిపోవాలి. తప్పు ఫైలు ఎక్కిస్తే రూటర్ ఇటుకరాయిలా మిగులుతుంది. ఇలాంటి పనులు చేతికి అలవాటైన వాళ్లకే దాన్ని సిఫారసు చేస్తాను.

రెండో కారణం వెనక గది. రీస్టార్ట్‌లు ఆగినా ఆ గదిలో సిగ్నల్ మైనస్ 80 డీబీఎం దగ్గరే ఉండేది. ఈ లెక్కలో సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు, వీడియో కాల్ నిలకడగా నడవాలంటే మైనస్ 67 దాకా పర్వాలేదు. మైనస్ 80లో మెసేజ్‌లు వెళ్లడమే గొప్ప.

ఇలాంటి గది ఉన్నవాళ్లకి మూడు దారులు కనిపిస్తాయి. అందరూ ముందు కొనేది ఎక్స్‌టెండర్, అంటే రూటర్ సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పెట్టె. నేను చివరన పెట్టేదీ అదే. మామూలు ఎక్స్‌టెండర్ ఒకే రేడియోతో విని, అదే రేడియోతో తిరిగి పంపుతుంది కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. పైగా చాలామంది దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. దానికే సరిగ్గా వినబడనప్పుడు మనకేం వినిపిస్తుంది? పెడితే రూటర్‌కీ ఆ గదికీ నడిమధ్యన పెట్టాలి.

మెష్ అంతకంటే చాలా మేలు. రెండుమూడు యూనిట్లు ఒకే పేరుతో, ఒకే యాప్ కింద పనిచేస్తాయి. గదులు మారుతుంటే ఫోన్ ఒకదాన్నుంచి ఇంకోదానికి దానంతట అదే మారుతుంది. అయితే ఎప్పుడు మారాలన్నది చివరికి నిర్ణయించేది ఫోనే, అందుకే ఒక్కోసారి దూరంగా ఉన్నదాన్నే పట్టుకుని వేలాడుతుంది. యూనిట్లు తమలో తాము వైఫైతోనే మాట్లాడుకుంటే ఇక్కడా వేగం కొంత తగ్గుతుంది. దానికోసం ప్రత్యేకంగా మూడో బ్యాండ్ ఉన్నవి నయం, కేబుల్‌తో కలిపితే ఇంకా నయం. గోడలకి రంధ్రాలు వేయడానికి, కేబుల్ లాగడానికి వీల్లేని అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్లకి మెష్ కంటే మంచి దారి లేదు.

కేబుల్ లాగడానికి వీలుంటే మాత్రం రెండో ఆలోచన వద్దు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ మోస్తుంది. దాని చివర, కేబుల్‌లో వచ్చే నెట్‌ని వైఫైగా పంచే యాక్సెస్ పాయింట్ ఒకటి పెడితే ఆ గదికి దాదాపు రూటర్ పక్కన కూర్చున్నంత వేగం వస్తుంది. ఆ యాక్సెస్ పాయింట్ కొత్తగా కొనక్కర్లేదు కూడా. పాత రూటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామాలు పంచే పని) ఆపేసి, కొత్త రూటర్ వరుసలోనే వేరే చిరునామా ఇచ్చి, కేబుల్‌ని బయటి లైన్ కోసం ఉండే వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చితే చాలు. రెండు రూటర్లకీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాలి, ఛానెళ్లు వేరుగా ఉండాలి. పాత ఫర్మ్‌వేర్ భయం ఇక్కడ పూర్తిగా పోదు గానీ, అది ఇప్పుడు నేరుగా ఇంటర్నెట్‌కి ఎదురుగా లేదు కాబట్టి బాగా తగ్గుతుంది.

ఇక కొత్త రూటర్ ఏది? అట్ట పెట్టె మీద అంకెలు చూసి మోసపోకండి. ఏఎక్స్3000 అంటే 3000 ఎంబీపీఎస్ మీ ఫోన్‌కి వస్తుందని కాదు. 2.4 బ్యాండ్ 574 ఎంబీపీఎస్, 5 బ్యాండ్ 2402 ఎంబీపీఎస్, రెండూ కూడితే వచ్చే 2976ని 3000 చేసి వేసిన అంకె అది. ఏ ఫోనూ ఆ మొత్తం వాడుకోలేదు, నిజంగా అందేది దానికంటే చాలా తక్కువ. వైఫై 6 సర్టిఫికేషన్ 2019లో మొదలైంది, వైఫై 7కి 2024 జనవరిలో. మీ ప్లాన్ 100, 200 ఎంబీపీఎస్ అయితే వైఫై 7 వల్ల నెట్ వేగం పెరగదు. వైఫై 6 చాలు, ఒకేసారి చాలా పరికరాలకి వంతులు పంచడంలో అది వైఫై 5 కంటే మెరుగు. దానికి బదులు రెండు విషయాలు చూడండి. పోర్టులు గిగాబిట్‌వేనా, లేక 100 దగ్గరే ఆగిపోయే రకమా? అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని కంపెనీ రాసి చెప్పిందా?

కనెక్షన్ ఇచ్చినవాళ్ల పెట్టెలోనే వైఫై కూడా ఉంటే, మీ సొంత రూటర్ పెట్టాక దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రూటర్ పని మానేసి లైన్‌ని మీ రూటర్‌కి అందించేలా, పెట్టమని అడగండి. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ ఉన్న కనెక్షన్ అయితే అవి రాసుకున్నాకే పాతది విప్పండి. కొత్తదానికి పాత వైఫై పేరు, పాస్‌వర్డే ఇస్తే ఇంట్లో పరికరాలన్నీ వాటంతట అవే కలుస్తాయి. పాత కెమెరాలు, స్మార్ట్ ప్లగ్‌లు కలవకపోతే వైఫై భద్రత సెట్టింగ్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే కాకుండా డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ పెట్టి చూడండి.

ఇప్పుడు మా ఇంట్లో హాల్లో వైఫై 6 రూటర్ ఒక్కటి, వెనక గదిలో కేబుల్ చివర పాతది, దానికి ఆ కొత్త అడాప్టర్. వెనక గదిలో సిగ్నల్ మైనస్ 48. పాతదాని అప్‌టైమ్ ఇవాళ ఉదయం చూస్తే 61 రోజులు.