సవానా ట్రిప్: లాడ్జికి 434 డాలర్లు, ఫీబీ పెంబర్‌కి పైసా ఖర్చు లేదు

ముందే చెప్పేస్తున్నా, అమెరికాలో జార్జియా రాష్ట్రం సవానాలో పాత బంగళాని ఇన్‌గా మార్చామని చెప్పేవాటిని ఫొటోలు చూసి బుక్ చేయకండి. మేం చేశాం. పేరు రాయట్లేదు గానీ రాత్రికి 139 చొప్పున రెండు రాత్రులు అనుకుని వెళ్తే బిల్లు 434 వచ్చింది. పార్కింగ్ రోజుకి 30, డెస్టినేషన్ ఫీ అని రోజుకి 25, పైన టాక్సులు. ఆ డెస్టినేషన్ ఫీ దేనికయ్యా అంటే కౌంటర్లో అతను లాబీలో కాఫీ, వైఫై అన్నాడు. కాఫీ మిషను మీద మేమున్న రెండ్రోజులూ "పని చేయదు" అన్న కాగితమే అంటించి ఉంది.

అసలు సవానా ఎందుకెళ్ళామంటే, మేం వర్జీనియాలో రిచ్మండ్ దగ్గర గ్లెన్ అలెన్‌లో ఉంటాం, ఆరేళ్ళయింది. ఊరికి తూర్పు వైపు గుట్ట మీద చింబొరాజో మ్యూజియం ఉందని తెలుసు, ఎప్పుడూ పోలేదు. మొన్న అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చాక ఫ్రీ కదా అని తీసుకెళ్ళాం. అమెరికా సివిల్ వార్‌లో దక్షిణాది సైన్యానికి అక్కడ పెద్ద ఆసుపత్రి ఉండేది, మొత్తం 76 వేల మంది దాకా పేషంట్లట. ఇప్పుడు ఆ షెడ్లు ఒక్కటీ లేవు, తర్వాత వెదర్ స్టేషన్‌కి కట్టిన బిల్డింగులో మ్యూజియం పెట్టారు. చిన్నదే, గంటలో అయిపోద్ది, తెరిచే రోజులు మాత్రం చూసుకుని వెళ్ళండి. ఆ ఆసుపత్రిలో పనిచేసిన ఫీబీ పెంబర్ కథ నాకు పట్టుకుంది అక్కడే.

1823లో చార్లెస్టన్‌లో పుట్టింది, బాగా డబ్బున్న యూదుల వ్యాపారి ఇల్లు. తర్వాత కుటుంబం సవానాకి మారింది. బోస్టన్‌ ఆయన్ని, క్రిస్టియన్‌ని పెళ్లి చేసుకుంది, 1861లో ఆయన క్షయతో పోయాడు. పిల్లల్లేరు. యుద్ధానికి భయపడి జార్జియాలో వేరే ఊరికెళ్ళిన పుట్టింటివాళ్ళ దగ్గర చేరింది, అక్కడ పొసగలేదు. 1862 డిసెంబర్లో ఈ ఆసుపత్రిలో మేట్రన్‌గా, అంటే పేషంట్ల తిండీ సేవలూ చూసుకునే ఆవిడగా చేరిపోయింది. అప్పటి చట్టం ప్రకారం చీఫ్ మేట్రన్ జీతం నెలకి 40 డాలర్లు దాటకూడదు. మా పార్కింగే రెండ్రోజులకి 60 అయింది.

ఆవిడ ఎక్కువ గొడవ పడింది విస్కీ గురించి. విస్కీ అప్పట్లో మందు కింద లెక్క, డాక్టర్లూ స్టాఫూ తాగేస్తుంటే పేషంట్లకి మిగిలేది కాదు. ఈవిడ చట్టం కాగితం తీసి చదివి, విస్కీ పీపా మేట్రన్ చేతిలో ఉండాలని రాసుంది కాబట్టి నాకివ్వండి అని పట్టుబట్టి తీసుకుంది. 1865లో రిచ్మండ్ ఉత్తరాది సైన్యానికి చిక్కాక ఆ పీపా కోసం కొందరు మీదికొస్తే పిస్టల్ చూపించి పంపించేసింది. ఇంకొకటి, ఒక కుర్రాడు గాయం మానిపోయి నడవడం కూడా మొదలుపెట్టాక, ఆ రాత్రే విరిగిన ఎముక ముక్క లోపల ధమనిని కోసేసింది. ఆవిడ వేలితో నొక్కిపట్టి డాక్టర్ని పిలిపిస్తే ఆయన చూసి లాభం లేదన్నాడు. వేలు తీసేదాకే ప్రాణం అన్నమాట. ఆ మాట ఆ కుర్రాడికి ఆవిడే చెప్పింది, అతను ఇంక తీసేయమన్నాడు. ఆవిడకి చేతులు రాలేదు, స్పృహ తప్పి పడిపోయింది. 1879లో తనే పుస్తకంగా రాసుకుంది ఇవన్నీ. ఆ ఆసుపత్రిలో వంటలూ సేవలూ చాలావరకు చేసింది బానిసలే, ఆ సంగతి వదిలేసి ఈవిడని మాత్రం పొగిడితే నాకు నచ్చదు.

ఆవిడ సమాధి సవానాలో ఉందని తెలిసి నేనే ప్లాన్ వేశా. మా ఆయన ఏడు గంటల డ్రైవ్‌లో పెద్దగా మాట్లాడలేదు, శ్మశానం చూడ్డానికి పోతున్నాం కదా మరి. గురువారం పొద్దున మాంటెరీ స్క్వేర్‌లో మిక్వే ఇజ్రాయెల్ చూశాం, 1733లో ఊరు పుట్టిన కొన్ని నెలలకే వచ్చిన యూదుల సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం అది, ఇప్పుడున్న బిల్డింగ్ 1878ది, అచ్చం చర్చిలా ఉంటుంది. టూర్ తప్పకుండా తీసుకోండి. శ్మశానం నుంచి బయటికొచ్చేప్పుడు చేతులు కడుక్కుంటారు వాళ్ళు అని గైడ్ చెప్తే నేను తెలుగులో చెప్పా, అత్తయ్యగారు "చూశావా, వాళ్ళకీ మైల ఉంది" అని తెగ సంబరపడ్డారు. ఆ సంబరం నా కొంప ముంచింది.

టూరిస్టులంతా బోనవెంచర్ శ్మశానానికి పోతారు, మేం ఆవిడ సమాధి ఉన్న లారెల్ గ్రోవ్‌కి. టికెట్ లేదు, జనం లేరు, బోర్డులు కూడా సరిగ్గా లేవు, ఓక్ చెట్లకి వేలాడే నాచులాంటి మొక్కల కింద ముప్పావుగంట తిరిగాం. 1913లో పిట్స్‌బర్గ్‌లో 89 ఏళ్ళకి పోయిందావిడ, భర్త పక్కనే పెట్టారు. నేను ఓ గులకరాయి పెట్టొచ్చా, యూదులు పువ్వుల బదులు అదే పెడతారు. నల్లవాళ్ళ సమాధులు లారెల్ గ్రోవ్ సౌత్‌లో, విడిగా. చచ్చాక కూడానా అన్నారు అత్తయ్యగారు, కార్ దాకా ఇంకేం మాట్లాడలేదు.

ఇక రూముకొస్తే తలస్నానం చేయందే పులిహోర డబ్బా ముట్టుకోనన్నారు. వేణ్ణీళ్ళు లేవు. ఫోన్ చేస్తే పదినిమిషాలన్నాడు, గంటన్నర అయింది, కాఫీ కెటిల్ కూడా లేదు. డెబ్బై ఏళ్ళావిడ చన్నీళ్ళు పోసుకుని వణుకుతూ రాత్రి తొమ్మిదిన్నరకి తిన్నారు. మా ఆయన అప్పుడు నోరు విప్పాడు, "శ్మశానం నీ ఐడియానే కదా" అని.

పొద్దున చెకౌట్‌లో బుకింగ్ కాగితం తీసి కౌంటర్ మీద పెట్టా, పార్కింగ్ ఇంక్లూడెడ్ అన్న లైను కింద వేలు పెట్టి ఇది చదవండి అన్నా. మేనేజర్ రావాలన్నాడు, వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా అన్నా, వెనక క్యూ పెరిగింది. 60 వాపస్ ఇచ్చారు. డెస్టినేషన్ ఫీ 50, వేణ్ణీళ్ళ సంగతి అడిగితే హెడ్డాఫీస్‌కి మెయిల్ పెట్టమన్నారు. తిరుగుదారిలో చార్లెస్టన్ వాన, కారులోంచే చూశాం. మెయిల్ మూడోసారి పెట్టా, జవాబు లేదు.