‘మిలిటరీ ఇత్తడి’ గోతాలు కొనకండి: పర్లాకిమిడి వైపు కంచరులకూ పాతసామాను వ్యాపారులకూ హెచ్చరిక

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తూటా గుల్లల్ని (తూటా పేలాక మిగిలే డొప్పల్ని) గోతాల్లో కట్టి ‘మిలిటరీ ఇత్తడి’ అని అమ్ముతున్నారు. కిలో ధర మామూలు ఇత్తడి తుక్కుకంటే తక్కువ. బిల్లు అడిగితే మాట దాటేస్తారు, సాయంత్రంలోగా ఎత్తుకోకపోతే వేరేవాళ్లకి పోతుందంటారు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ కాలేజీ ఉంది కాబట్టి సరుకు అక్కడిదేనంటే నమ్మబుద్ధేస్తుంది. కానీ డబ్బిచ్చి ఇంటికి తెచ్చి విప్పాక ఆ గోతాల్లో బయటపడుతున్నవి మట్టి, ఇనప గుల్లలు, వాటి మధ్య పేలని తూటాలు.

అసలు సరుకు మంచిదే, అందుకే ఆశ పుడుతుంది. రైఫిల్ గుల్ల ఇత్తడిలో దాదాపు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. కుళాయి తుక్కులో ఉన్నట్టు సీసం కలిపి ఉండదు. 7.62 మిల్లీమీటర్ల నాటో రకం రైఫిల్ గుల్ల ఒక్కొక్కటి 11, 12 గ్రాములు తూగుతుంది, కిలోకి సుమారు 85 రావాలి. మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్ 5.56 మిల్లీమీటర్ల గుల్ల ఆరు గ్రాములు, కిలోకి 160 పైన. కొనకముందే ఒకే రకం ఏరి కిలో తూచి లెక్కపెట్టండి. 7.62వి 70 మాత్రమే వచ్చాయంటే సీసా మెడలాంటి ఆ మూతుల్లో తడిమట్టి కూరారన్నమాట, లేదా లోపల తుపాకి మందు ఇంకా ఉందన్నమాట. ఈ రెండో మాటే భయపడాల్సింది.

అయస్కాంతం తప్పకుండా పెట్టండి. పాత స్పీకరులోది చాలు. ఏకే రకం తూటాల గుల్లలు చాలావరకు ఇనుమే, పైన రాగిపూతో లక్కరో ఉంటుంది. ఇత్తడి కరిగే వేడికి ఇనుము కరగదు, మూసలో చిట్టెంతో పాటు మిగిలిపోయి పోతను పాడుచేస్తుంది.

పేలని తూటాని గుర్తుపట్టడంలోనే చాలామంది పొరబడుతున్నారు. ముందు గుండు లేదు కదా, ఖాళీదే అనుకుంటారు. శిక్షణలో వాడే బ్లాంకు తూటాకి గుండు ఉండదు. మూతిని పువ్వు మొగ్గలా మడిచి మూస్తారు, లోపల మందు నిండుగా ఉంటుంది. పేలితే ఆ రేకులు విచ్చుకుంటాయి, పేలకపోతే మొగ్గ అలాగే ఉంటుంది. ఇక అడుగున ప్రైమర్ (మందుని అంటించే చిన్న బిళ్ల) మీద సూది దెబ్బ గుంట కనిపిస్తే పేలిపోయిందని అనుకోకండి. దెబ్బ పడినా పేలకుండా మిగిలినవి ఉంటాయి, అవే అన్నిటికంటే ప్రమాదం. మందు ఒలికిపోయిన గుల్లలో కూడా ప్రైమర్ బతికే ఉండొచ్చు. అందులో ఉండేది సాధారణంగా లెడ్ స్టిఫ్నేట్ అనే పేలుడు పదార్థం, సుత్తిదెబ్బకీ పేలుతుంది, కొలిమి వేడికీ పేలుతుంది. మూసలో ఒక్కటి పేలితే కరిగిన ఇత్తడి ముఖం మీదికి చిమ్ముతుంది. అందుకే, ఇంటికి తెచ్చి ఏరుకుంటాం, సుత్తితో నలగ్గొడతాం, ఎండబెడతాం అనే ఆలోచనే పెట్టుకోవద్దు. నలగ్గొట్టని గుల్లలు ఎంత చవకైనా కొనకండి.

సర్కారు వేలంలో వచ్చే గుల్లల తుక్కుని మామూలుగా నొక్కో, కోసో, తిరిగి వాడటానికి పనికిరాకుండా చేసి ఇస్తారు. దాని వెంట డెలివరీ ఆర్డరు, గేట్ పాసు, జీఎస్‌టీ బిల్లు ఉంటాయి. బిల్లు మీద సరుకు రకం చెప్పే అంకె, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, రాగి, ఇత్తడి తుక్కుకి 7404. విలువ 50,000 రూపాయలు దాటితే సరుకు రవాణాకి ఈ-వే బిల్లు కావాలి. నిగనిగలాడే చెక్కుచెదరని గుల్లలు, కాగితం ముక్క లేదు అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఆయుధాల చట్టం 1959, 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉండటమే నేరం. వాడకానికి కాని చిన్న విడిభాగాలకి 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్నా, గోతంలో ఒక్క బతికున్న తూటా దొరికితే ఆ మాట నిలవదు. ఆంధ్రా చెక్‌పోస్టు దగ్గర గోతం విప్పితే జవాబు చెప్పాల్సింది బండిలో ఉన్నవాళ్లే, అమ్మినవాడు కాదు.

గుల్లలకి మళ్లీ మందు నింపే విదేశీ వీడియోలు చూపించి ‘మంచి రేటుకి కొనేవాళ్లున్నారు’ అని ఊరించేవాళ్లూ ఉన్నారు. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం, అమ్మడం 5వ సెక్షన్ కింద నేరం. ఆ మాట ఎత్తినవాడితో ఇంకే బేరమూ వద్దు.

ఇప్పటికే గోతం ఇంట్లో ఉంటే కదపకండి, తడపకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కొలిమి ఆర్పి 112కి ఫోన్ చేయండి. మంచితనానికి పోయి సంచిలో వేసుకుని పోలీసు స్టేషనుకి మోసుకెళ్లొద్దు.

కాగితాలున్న నలిగిన తుక్కే కొన్నా రెండు సంగతులు చూసుకోవాలి. మడతల్లో నీళ్లుంటాయి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, తడిముక్క కరిగిన లోహంలో పడితే మూస మొత్తం ఎగజిమ్ముతుంది. రెండ్రోజులు ఎండలో ఆరబెట్టి, కొలిమి అంచున వేడెక్కించాకే వేయండి. పేలిన ప్రైమర్‌లో సీసం మసి అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ ఇత్తడితో గంటలు, కుందులు పోయండి గానీ వంటపాత్రలు, నీళ్ల బిందెలు వద్దు. కడిగిన నీళ్లు బావి వైపు పోనీయకండి.

జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, ఈ ఇత్తడి పూర్తిగా కరగాలంటే 955 దాకా వెళ్లాలి. అందుకే తెల్లటి పొగ లేస్తుంది. మూస పైన బొగ్గుపొడి కప్పి, గాలివాటం చూసుకుని నిలబడండి. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత నోట్లో లోహపు రుచి, చలి, జ్వరం వస్తాయి. మన్యం దగ్గర కదా, అందరూ మలేరియా అనుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆరోజు ఇత్తడి కరిగించామని ముందే చెప్పండి.