మొదటి పాము: భయపడేవాళ్లకు ఏది నప్పుతుంది, ఏది నప్పదు

పాములంటే కాస్త బెరుకున్నవాళ్లు పెంచుకోవడానికి మొదటి పామును కొనేటప్పుడు దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. చిన్నదైతే సులువుగా ఉంటుందని పిల్లను తెచ్చుకుంటారు. గుడ్డులోంచి వచ్చి రెండు నెలలు కూడా కాని కార్న్ స్నేక్ (విషం లేని అమెరికా జాతి పాము) పెన్సిలంత సన్నంగా, జానెడు కంటే కాస్త పొడవుగా ఉంటుంది. మూత తీయగానే మెడను వంకర తిప్పి పైకెత్తుతుంది, తోకను చెక్కపొట్టు మీద జిర్రుమని ఆడిస్తుంది, చెయ్యి కదిలితే చాలు మీదికి దూకుతుంది. అది కరిచినా చర్మం మీద గీత పడితే ఎక్కువ. కానీ చెయ్యి ఠక్కున వెనక్కి వస్తుంది. చెయ్యి వెనక్కి వచ్చిందంటే బెదిరిస్తే పని అవుతుందని పాము నేర్చుకున్నట్టే. అదే జాతిలో ఏడాదిన్నర వయసున్నది, 70 సెంటీమీటర్లది తీసుకుంటే, వేళ్ల మధ్యలోంచి నింపాదిగా పాకుతూ నాలుక ఆడిస్తూ పోతుంది.

అందుకే జాతి సంగతి తర్వాత, ముందు వయసు చూడాలి. అడవిలో పాము పిల్లను పిట్ట నుంచి కప్ప దాకా అందరూ తినేవాళ్లే, అది ప్రతి నీడకూ బెదరడంలో వింత లేదు. పైగా పిల్లల్లో కొన్ని అసలు తిండే మొదలుపెట్టవు. ఏడాది దాటి, క్రమంగా తింటున్న పాముకు ధర ఎక్కువే. ఆ తేడా ఇవ్వడం దండగ కాదు.

జాతుల్లో మొదటి మార్కు కార్న్ స్నేక్‌కే. పెద్దయితే 90 నుంచి 150 సెంటీమీటర్లు, బతికేది పదిహేను, ఇరవై ఏళ్లు. పెట్టెలో వెచ్చని వైపు 29 నుంచి 31 డిగ్రీలు, చల్లని వైపు 22 నుంచి 24, తేమ 40 నుంచి 60 శాతం. మామూలు గదిలో ఇది పెద్ద కష్టమేమీ కాదు. తిండి దగ్గర పేచీ తక్కువ. ఒక్కటే లోపం: చేతిలో ఊరికే ఉండదు, పాకుతూనే ఉంటుంది. నిజానికి బెరుకున్నవాళ్లకు అదే మేలు. ఎటు పోతోందో కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఒక చెయ్యి తర్వాత ఇంకో చెయ్యి ముందు పెడుతూ పోతే చాలు.

బాల్ పైథాన్‌ను (ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువను) అందరూ మొదటి పాముగా సిఫార్సు చేస్తారు. నా లెక్కలో అది రెండోదే. స్వభావానికి వంక పెట్టలేం. భయపడితే కరవడం కంటే ఉండలా చుట్టుకుని తల లోపల దాచుకోవడమే ఎక్కువ. లావుగా, నెమ్మదిగా ఉంటుంది, చేతిలో బరువు తెలుస్తుంది. చిక్కల్లా తిండితోనే. బాగా తింటున్న పాము ఓ రోజు మానేసి నెలల తరబడి ముట్టకపోవచ్చు. కొత్త యజమాని కంగారుపడి రోజు విడిచి రోజు ఎలుకను చూపిస్తాడు, పెట్టె మారుస్తాడు, సామాన్లు తిప్పుతాడు. ఒక్కో మార్పుకూ పాము ఇంకాస్త ముడుచుకుంటుంది. వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీలు ఉందా, ఒంటికి తగిలేంత ఇరుకైన దాగుడు చోటు రెండు వైపులా ఉందా, తేమ 60 శాతం దాటిందా చూసుకుని, పది పద్నాలుగు రోజులకు ఒక్కసారే ఆహారం పెట్టాలి. దీని పెదాల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, ఎలుక చల్లగా ఉంటే దాని లెక్కలో అది ఎలుకే కాదు. వారానికోసారి గ్రాముల తూకం వేసి రాసుకోండి. బరువు పదో వంతుకు మించి తగ్గితే సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. రంగుల రకాల్లో స్పైడర్ అనేదాన్ని మాత్రం వదిలేయండి. ఆ రంగునిచ్చే జన్యువుతోనే తల ఊగిపోయే నరాల లోపమూ వస్తుంది. ఇంకో మాట, ఇది దీర్ఘకాలపు పొత్తు. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో అరవై రెండేళ్లు ఉంటాయని అంచనా వేసిన ఆడ బాల్ పైథాన్ ఒకటి ఏడు గుడ్లు పెట్టింది.

మిగతావాటి గురించి క్లుప్తంగా. కాలిఫోర్నియా కింగ్ స్నేక్ గట్టిది, తిండిపోతు. వేలినీ తిండి అనుకుని పట్టేసే అలవాటుంది కాబట్టి బెరుకున్నవాళ్లకు వద్దు. పాముల్ని తినే పాము కనుక ఇంకోదాంతో కలిపి ఉంచకూడదు. వెస్టర్న్ హాగ్‌నోస్ ముక్కు చూస్తే ముద్దొస్తుంది, కానీ బుసకొడుతూ మూసిన మూతితో గుద్దే దాని నాటకం కొత్తవాళ్లకు నిజమైన దాడిలాగే ఉంటుంది. నోట్లో వెనక కోరలు, కొద్దిపాటి విషమూ ఉన్నాయి. కెన్యా శాండ్ బోవా చిన్నది, సాధువు, అయితే రోజంతా పొట్టులోనే పూడి ఉంటుంది. కొన్నది పామునా, పొట్టు పెట్టెనా అనిపిస్తుంది. ఎలుకలు ముట్టుకోలేనివాళ్ల కన్ను గుడ్లు తినే ఆఫ్రికా పాము మీద పడుతుంది. దాని పిల్లలకు పిచ్చుక గుడ్డంత చిన్న గుడ్లు కావాలి, అవి ఏడాది పొడవునా దొరకడమే కష్టం.

చట్టం సంగతి కొనక ముందే తేల్చుకోవాలి. చాలాచోట్ల స్థానిక పాముల్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం, విదేశీ జాతులకు అనుమతి, నమోదు ఉండాలి. పైథాన్లన్నీ అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం కిందకి వస్తాయి, దేశం దాటి రావాలంటే పత్రాలు తప్పనిసరి. అడవిలో పట్టినవి చట్టం ఒప్పుకున్నా కొనకండి. పురుగులతో, బెదురుతో వస్తాయి, తిండి ముట్టవు.

అమ్మేవాడి దగ్గర పామును కాదు, ముందు తిండి చీటీని చూడాలి. ఏ తేదీన ఏ సైజు ఎలుక పెట్టారు, తిన్నదా, కుబుసం ఎప్పుడు విడిచింది అని రాసి ఉండాలి. చంపి గడ్డకట్టించి, తర్వాత కరిగించిన ఎలుకను వరసగా కనీసం ఐదారుసార్లు తిన్నదైతేనే మాట్లాడండి. తర్వాత పామును చేతిలోకి తీసుకోమనండి, మీరు కాదు, అమ్మేవాడే. వెన్ను గట్టులా పైకి తేలి ఉందా, ఒళ్లు గుండ్రంగా ఉందా చూడండి. గడ్డం కింద పొలుసుల మధ్య, కంటి అంచుల్లో గసగసాల కంటే చిన్న నల్లటి చుక్కలు కదులుతుంటే అవి మైట్స్, రక్తం పీల్చే పురుగులు. నీళ్ల గిన్నె అడుగున అలాంటి చుక్కలే మునిగి కనిపించినా అంతే, వెనుదిరగండి. ఊపిరి తీస్తుంటే గురక లాంటి చప్పుడు, మూతి దగ్గర బుడగలు ఉంటే ఊపిరితిత్తుల జబ్బు. మలద్వారం పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఎవరో పెంచి, ఇల్లు మారుతూ వదిలించుకుంటున్న పెద్ద పాము దొరికితే దాన్ని చిన్నచూపు చూడకండి. దాని స్వభావం ఏమిటో అప్పటికే తెలిసి ఉంటుంది.

ఇక 'స్టార్టర్ కిట్' అని అమ్మే పెట్టెల విషయం. సాధారణంగా లోపల ఉండేవి: 60 సెంటీమీటర్ల గాజు తొట్టి, జాలీ మూత, ఎర్ర బల్బు, ఉష్ణోగ్రత చూపే, అంటించే ముల్లు మీటరు, వేడి రాయి, థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) లేని హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే చాప), నీళ్ల గిన్నె. వీటిలో పనికొచ్చేది నీళ్ల గిన్నె. వేడి రాయి ఒక్కోచోట ఒక్కోలా కాలుతుంది, పాము దాని మీదే పడుకుని పొట్ట కాల్చుకుంటుంది. ముల్లు మీటర్లు నమ్మదగ్గవి కావు, తీగ చివర సెన్సర్ ఉన్న డిజిటల్‌వి రెండు కొనండి. పెద్ద కార్న్ స్నేక్‌కు 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న పెట్టె కావాలి. దేవదారు, పైన్ చెక్కపొట్టు వాడకూడదు, వాటి ఘాటు నూనెలు ఊపిరికి చెరుపు. కార్న్‌కు ఆస్పెన్ చెట్టు పొట్టు, బాల్ పైథాన్‌కు కొబ్బరి పొట్టు సరిపోతాయి.

డబ్బు పెట్టాల్సింది థర్మోస్టాట్ మీద. అది లేని మ్యాట్ 50 డిగ్రీలకు పోగలదు. మ్యాట్‌కు ఆన్, ఆఫ్ రకం చాలు. వెలుతురివ్వని సెరామిక్ హీటర్‌కు పల్స్ రకం, వెలిగే బల్బుకు డిమ్మర్ రకం. మ్యాట్ నేలలో మూడో వంతుకు మించకూడదు, దాని పైన పొట్టు మందంగా పోయకూడదు. సెన్సర్ కదలడమే ఎక్కువగా కొంపముంచేది. పాము తోస్తే అది చల్లని వైపు జారుతుంది, లేదా నీళ్ల గిన్నెలో పడుతుంది. థర్మోస్టాట్ 'ఇంకా చల్లగా ఉంది' అనుకుని మ్యాట్‌ను కాల్చుతూనే ఉంటుంది. అందుకని సెన్సర్‌ను కేబుల్ టైతో బిగించండి. టేపు వాడకండి. పెట్టె లోపల ఊడిన టేపు పాము ఒంటికి చుట్టుకుంటే పొలుసులు ఊడి వస్తాయి. ఇప్పటికే అంటుకుని ఉంటే లాగకండి, వంటనూనె రాస్తూ కొద్దికొద్దిగా విడదీయాలి.

జరిపే గాజు తలుపుల పెట్టె అయితే రెండు అద్దాల మధ్య సందు చూడండి. తాళం వేసినా ఆ సందు అలాగే ఉంటుంది, తల పట్టిందంటే పిల్ల మొత్తం పడుతుంది. పాము వచ్చే ముందు వారం రోజులు ఖాళీ పెట్టెనే నడిపి, ఉదయం, రాత్రి వేడి, తేమ అంకెలు రాసుకోండి.

ఎలుక ముట్టుకోవడం ఇష్టం లేదా? ముట్టుకోనక్కర్లేదు. రాత్రి ఫ్రిజ్ కింది అరలో మూత డబ్బాలో పెట్టి కరిగించండి. మర్నాడు సంచిలో కట్టి గోరువెచ్చని నీళ్లలో ఉంచండి, ఒళ్లు 38 డిగ్రీల దగ్గరికి రావాలి. మైక్రోవేవ్ వద్దు, బయట చల్లగా ఉండగానే లోపల ఉడికి పొట్ట పగులుతుంది. పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటెంతో ఎలుక అంతే, లేదా మహా అయితే ఒకటిన్నర రెట్లు. 30 సెంటీమీటర్ల పట్టకారుతో నడుం దగ్గర పట్టుకుని అందించండి. పిల్లలకు ఐదు నుంచి ఏడు రోజులకోసారి, పెద్ద కార్న్‌కు పది నుంచి పద్నాలుగు రోజులకోసారి. తిన్నాక 48 గంటలు ముట్టుకోకూడదు. కక్కేసిందంటే ఎలుక పెద్దదైనా అయి ఉండాలి, పెట్టె చల్లబడైనా ఉండాలి, లేదా తొందరపడి ఎత్తుకుని ఉండాలి. రెండు వారాలు ఆగి, సగం సైజుతో మొదలుపెట్టండి.

తెచ్చిన మొదటి వారం, పది రోజులు నీళ్లు మార్చడం తప్ప ఏమీ చేయకండి. రెండుసార్లు తిన్నాక చేతిలోకి తీసుకోవడం ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. పైనుంచి చెయ్యి దించితే గద్ద వచ్చినట్టే దాని లెక్క. పక్క నుంచి వెళ్లి, ముందు కాగితపు గొట్టంతో ఒంటి మీద మెల్లగా తట్టి ఇది తిండివేళ కాదని తెలియజేసి, ఒంటి మధ్యలో పట్టుకుని ఎత్తండి. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడిచేదాకా వదిలేయండి. కంటి పొర కళ్లకే అంటుకుపోయినా పట్టకారుతో తీయబోవద్దు, తడి నాచు పెట్టిన డబ్బాలో ఉంచితే చాలావరకు తర్వాతి కుబుసంతో ఊడుతుంది.

భయంతో కరిస్తే పట్టుకుని వదిలేస్తుంది, క్షణం పని. తిండి అనుకుని పట్టుకుంటేనే చుట్టుకుంటుంది. అప్పుడు చెయ్యి లాగకండి. పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చిరుగుతుంది, దాని పళ్లు విరుగుతాయి. చేతిని చల్లటి నీళ్ల కింద పెట్టండి, లేదా మూతి అంచున ఒక్క చుక్క మౌత్‌వాష్ వేయండి, వదులుతుంది. తోక వైపు నుంచి చుట్లు విప్పి పెట్టెలో పెట్టి, గాయాన్ని సబ్బుతో కడగండి. కరవకపోయినా ముట్టుకున్న ప్రతిసారీ కడగాల్సిందే. పాముల ఒంటి మీద కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది, ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో పాము గిన్నెలు వంటింటి సింకులో కడగకండి.