రికంబెంట్ ట్రైక్ మీద దూర ప్రయాణం: ఏ సామాను తీసుకెళ్ళాలి, ఏది ఎక్కడ పెట్టాలి

వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల రికంబెంట్ ట్రైక్‌ను నేను కొన్నేళ్ళుగా దూర ప్రయాణాలకు వాడుతున్నాను. ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి ఉండే టాడ్‌పోల్ రకం నాది. ముందువి 20 అంగుళాల చక్రాలు, వెనుకది 26 అంగుళాలది. బండి బాగోగుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు కనుక, దాని మీద మోసుకువెళ్ళే సామాను ఇన్నాళ్ళ వాడకంలో ఎలా నిలిచిందో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. మామూలు సైకిలు యాత్రికుల కోసం తయారైన జాబితాలు ట్రైక్‌కు సగం వరకే సరిపోతాయి. సైకిలు ఆపగానే నేల మీద కాళ్ళు ఆనుతాయి, వెనక్కి తిరిగి సంచి తెరవడం క్షణంలో పని. ట్రైక్ సీటు నేలకు జానెడున్నర ఎత్తులో ఉంటుంది. పెడళ్ళ నుంచి పాదాలు విడిపించుకుని, బ్రేకు బిగించి, లేచి, వెనక్కి నడిచి, సంచి తెరిచి మూసి మళ్ళీ వచ్చి కూర్చోవడం రోజంతా పదేపదే చేయదగిన పని కాదు. అందుచేత ఏ వస్తువు విషయంలోనైనా దాని బరువు చూడడానికి ముందు, కూర్చున్నచోటి నుంచి అది చేతికి అందవలసినదా కాదా అన్నది తేల్చుకుంటాను.

ఈ లెక్కన నా సామానులో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడినవి సీటు పక్క సంచులు. సీటు వీపు మీదుగా పట్టీలు వేసి చెరొక పక్కకు వేలాడదీసే జత ఇది. చెయ్యి కిందికి వాల్చితే జిప్పు తగులుతుంది. ఎడమ సంచిలో తినుబండారాలు, సన్‌స్క్రీన్, ముఖం తుడుచుకునే గుడ్డ, చలువ కళ్ళద్దాలు ఉంటాయి. కుడి సంచిలో పల్చని గాలి జాకెట్, పవర్ బ్యాంకు, తాళం, పంక్చర్ సామాను ఉంటాయి. కూర్చుని ఉండగా ఈ సంచుల లోపలికి చూడడం కుదరదు, తడిమి తీయవలసిందే; కనుక ఒకసారి నిర్ణయించిన చోటును మార్చకపోవడం మంచిది. వీటి లోపాలు కూడా చెప్పాలి. ఇవి ముందు చక్రాలకు సరిగ్గా వెనుక ఉంటాయి కాబట్టి దారిలోని దుమ్ము, బురద అంతా వీటి ముఖానే పడుతుంది. గుడ్డ ఎంత గట్టిదైనా ముందుగా పాడయ్యేది జిప్పే. జిప్పుకు బదులు నోరు చుట్టి బిగించే రకం వానకు బాగా తట్టుకుంటుంది గాని, దాన్ని తెరవడానికి రెండు చేతులూ కావాలి. నడుస్తున్న బండి మీద ఒంటిచేత్తో తెరవలేని పక్క సంచి వల్ల ప్రయోజనం సగం పోయినట్టే కనుక, నేను మోటైన పళ్ళున్న పెద్ద జిప్పు, దాని మీద కప్పుగా మడత ఉన్న రకాన్నే కోరుకుంటాను. బరువు పడితే సంచి అడుగు కిందికి జారి గతుకుల్లో నేలను రాసుకుంటుంది. లోపల అడుగున గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి వేస్తే ఆ బాధ తగ్గుతుంది. పట్టీల కొసలను మాత్రం తప్పకుండా మడిచి దోపాలి. వేలాడే కొస చక్రం పుల్లల్లోకో, చైను తిరిగే కప్పీలోకో పోవడానికి ఎంతో సేపు పట్టదు.

జేబుల సంగతి ఇక్కడే చెప్పడం సబబు. సైకిలు చొక్కాలకు వెనుకవైపు కుట్టే మూడు జేబులు ట్రైక్ మీద పూర్తిగా నిరుపయోగం, ఎందుకంటే వాటి మీద మన వీపు ఆని ఉంటుంది. నిక్కరు పక్క జేబులు ఇంకా ప్రమాదకరం: తొడలు పైకీ కిందికీ ఆడుతుంటే ఫోను మెల్లగా జారి రోడ్డు మీద పడుతుంది, పడినట్టు తెలియదు కూడా. జిప్పు ఉన్న ఛాతీ జేబో, సీటు అంచుకు కట్టిన చిన్న సంచో తప్ప ఫోనుకు, డబ్బుకు మరో చోటు లేదు. దారి చూసుకునే ఫోనును అద్దం కమ్మీకి బిగించిన పట్టులో పెడితే కళ్ళు పెద్దగా తిప్పనవసరం లేదు.

నీటికి గొట్టం ఉన్న నీటి సంచిని మించినది నాకు కనబడలేదు. సీటు వెనుక దాన్ని వేలాడదీసి, గొట్టాన్ని భుజం మీదుగా తెచ్చి క్లిప్పుతో పట్టిస్తే రెండు చేతులూ హ్యాండిళ్ళ మీదే ఉంటాయి. వాలి కూర్చున్న భంగిమలో సీసా ఎత్తి తాగితే సగం నీరు మెడ మీదికి కారుతుంది. అయినా సీటు పక్కన ఒక మామూలు సీసా ఉంచుకుంటాను. నీటి సంచి ఎంత ఖాళీ అయిందో కూర్చున్నవాడికి కనబడదు.

లేచి వెళ్ళి తీసుకున్నా ఫరవాలేదనుకునే బరువైన సామాను, అంటే గుడారం, పడక, బట్టలు, వంట సరంజామా, వెనుక క్యారియర్‌కు రెండు పక్కలా తగిలించే పానియర్ సంచుల్లోకి వెళుతుంది. టాడ్‌పోల్ ట్రైక్‌లో మనిషి బరువు ఎక్కువగా ముందు చక్రాల మీద పడుతుంది కాబట్టి, తడి రోడ్డు మీదనో కంకర మీదనో నిటారైన ఎత్తు ఎక్కేటప్పుడు వెనుక చక్రం జారుతుంది. అక్కడ కొంత సామాను బరువు ఉండడం నిజంగా మేలు చేస్తుంది. కానీ ఆ బరువు కిందుగా ఉండాలి. క్యారియర్ పైన ఎత్తుగా కట్టిన మూట వల్ల మలుపుల్లో లోపలి చక్రం త్వరగా లేస్తుంది. పానియర్లు నింపిన తర్వాత క్యారియర్ పైన పడక, బట్టలు తప్ప మరేమీ కట్టను. వెనుక చక్రం కూడా 20 అంగుళాలదైతే క్యారియర్ ఎత్తు తగ్గి, పెద్ద పానియర్ల అడుగు నేలకు చాలా దగ్గరగా వస్తుంది. అటువంటి బండికి ఎత్తు తక్కువగా, పొడవు ఎక్కువగా ఉండే సంచులను ఎంచుకోవాలి. ఇంకొక మాట: ఎక్కే దారిలో సైకిలు వాడిలా బ్యాలెన్సు కోసం వేగం నిలబెట్టుకోనక్కరలేదు, అతి తక్కువ గేరులో నడక వేగం కన్నా నెమ్మదిగానైనా ఎక్కవచ్చు. ఈ సౌకర్యమే సామాను పెంచుకోవాలనే ఆశ కూడా పుట్టిస్తుంది, దాన్ని అదుపులో పెట్టుకోవాలి.

పనిముట్ల విషయంలో మామూలు జాబితాలు బొత్తిగా చాలవు. ట్రైక్ చైను మామూలు సైకిలు చైనుకు రెండున్నర నుంచి మూడు రెట్ల పొడవుంటుంది. అది ప్లాస్టిక్ గొట్టాల గుండా, సీటు కింది కప్పీ మీదుగా నడుస్తుంది. అందుచేత చైను విప్పే పనిముట్టుతో పాటు, వెనుక పళ్ళచక్రాల సంఖ్యకు సరిపడే క్విక్ లింకులు (తెగిన చైనును కలిపే లింకులు) రెండు, ఒక చిన్న చైను ముక్క దగ్గర ఉండాలి. తొమ్మిది గేర్ల చైను లింకు పదకొండు గేర్ల చైనుకు పట్టదు. గొట్టాలు జారినప్పుడు బిగించడానికి జిప్ టైలు ఒక గుప్పెడు. అన్నిటికన్నా ముఖ్యమైనది గేరు కేబులు. దుకాణాల్లో దొరికే మామూలు కేబులు దాదాపు రెండు మీటర్లుంటుంది, చాలా ట్రైకుల్లో చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరొకదానికి జరిపే వెనుక డిరైలర్‌కు అది చాలదు. ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిళ్ళ కోసం తయారయ్యే పొడుగు కేబులును ముందే కొని చుట్టగా చుట్టి సంచి అడుగున ఉంచుకోవాలి. ఎంతో బరువు లేని ఈ చుట్ట ఒక్కటి లేకపోతే ప్రయాణం ఒకే గేరులో సాగించవలసి వస్తుంది. చిన్న వెనుక చక్రం ఉన్న బండ్లలో డిరైలర్ నేలకు దగ్గరగా వేలాడుతుంది కనుక, దాన్ని బండికి పట్టి ఉంచే, రాయి తగిలితే వంగే హ్యాంగర్ కూడా ఒకటి అదనంగా ఉండడం మంచిది.

పంక్చర్లు సైకిలు కన్నా ట్రైక్‌కు ఎక్కువే అవుతాయి. సైకిలు వెనుక చక్రం ముందు చక్రం జాడలోనే నడుస్తుంది, ట్రైక్ మూడు వేర్వేరు జాడలు వేసుకుంటూ పోతుంది. ముల్లు ఏ జాడలో ఉన్నా తప్పించుకోలేదు. నా బండికి రెండు కొలతల ట్యూబులు కావాలి. ముందు చక్రాల ఇరుసు ఒకవైపు మాత్రమే బిగించి ఉంటుంది కనుక, బండిని పక్కకు ఒరిగించి, చక్రం విప్పకుండానే టైరు తప్పించి ట్యూబు మార్చవచ్చు. ఈ పనిలో కష్టమంతా పంపు దగ్గరే వస్తుంది. చిన్న చక్రంలో పుల్లలు దగ్గరదగ్గరగా ఉండి, మధ్యలో బ్రేకు చోటు ఆక్రమించడం వల్ల గట్టి మూతి పంపు వాల్వు మీద కూర్చోదు; కొసన మెత్తని గొట్టం ఉన్న చేతి పంపు మాత్రమే పనికివస్తుంది. నేను ష్వాల్బే మారథాన్ ప్లస్ టైర్లు వాడుతున్నాను. బరువెక్కువ, దొర్లడంలో కాస్త మొద్దు, చిన్న రిమ్ము మీదికి ఎక్కించడం వేళ్ళకు శిక్షే. అయినా లోపలున్న మందపాటి రబ్బరు పొర ముళ్ళను, గాజు పెంకులను ఆపుతున్నంత కాలం వాటిని మార్చే ఉద్దేశం లేదు. టూల్ సంచిలో ఒక కొలత టేపు కూడా ఉంటుంది. ముందు రెండు చక్రాలూ సాధారణంగా సమాంతరంగానో, ముందు అంచుల దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో ఉండాలి. దెబ్బ తగిలి ఈ కొలత తప్పితే కొత్త టైరు కూడా కొద్ది వందల కిలోమీటర్లలోనే అరిగిపోగలదు.

పాదాల విషయంలో అజాగ్రత్త పనికిరాదు. నడుస్తున్న ట్రైక్ మీద పాదం పెడల్ నుంచి జారి నేలను తాకితే, బండి ఆగకుండా ముందుకు పోతూ ఆ కాలిని ముందు అడ్డకమ్మీ కిందికి లాక్కుంటుంది. చీలమండ, మోకాలు విరిగే ప్రమాదం ఇది. అందుకే పాదాన్ని పెడల్‌కు పట్టి ఉంచే క్లీట్ బూట్లు (అడుగున పెడల్‌లో బిగుసుకునే క్లీటు అనే ముక్క ఉన్నవి) గాని, మడమ పట్టీలు గాని ఇక్కడ రక్షణ సాధనాలు. క్లీటు స్క్రూలు అదనంగా ఒక జత, రెండు వెల్క్రో పట్టీలు ఎప్పుడూ నా దగ్గర ఉంటాయి. క్లీటు ఊడినా పట్టీతో పాదాన్ని కట్టి ప్రయాణం ముగించవచ్చు. పెడళ్ళు సీటు కన్నా ఎత్తులో ఉండే బండ్లలో గంటల తరబడి తొక్కితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ముందువైపు కాస్త వదులుగా ఉండే బూట్లు, క్లీటును వెనక్కి జరపడం దీనికి చాలావరకు విరుగుడు. చలికాలంలో గాలిని ముందుగా ఎదుర్కొనేవి కూడా పాదాలే కాబట్టి బూట్ల మీద తొడుగులు తప్పవు.

ఎండ మన మీద పడే తీరు సైకిలుకు భిన్నంగా ఉంటుంది. అక్కడ మెడ వెనుక, చేతుల మీద ఎండ తగులుతుంది. ఇక్కడ ముఖం, గడ్డం కింద, మోకాళ్ళ పైభాగం, ముంగాళ్ళు కాలుతాయి. హెల్మెట్‌కు ముందు నీడ ఇచ్చే అంచు, మెడకు పల్చని గుడ్డ తొడుగు, కాళ్ళకు ఎండ తొడుగులు నా దృష్టిలో సన్‌స్క్రీన్ కన్నా నమ్మదగినవి. వాన కూడా నేరుగా ముఖాన, ఒడిలో పడుతుంది. వదులైన వాన కోటు ఒడిలో నీటిని గుంటలా నిలుపుతుంది, దాని అంచులు చక్రాల్లో చిక్కుకుంటాయి. ఒంటికి అతుక్కునే జాకెట్, వాన ప్యాంటు మేలు. ముందు చక్రాలకు మడ్‌గార్డులు లేకపోతే ఏ దుస్తులూ ఆదుకోవు, నీరంతా మోచేతుల మీదికే చిమ్ముతుంది. జాలీ సీటు వేసవిలో హాయిగా ఉంటుంది గాని వానలో ఆపి ఉంచితే తడిసి కూర్చుంటుంది. హోటళ్ళలో తలకు తొడుక్కోవడానికి ఇచ్చే లాంటి ఎలాస్టిక్ ప్లాస్టిక్ తొడుగు పెద్దది ఒకటి చాలు.

కనబడడం కోసం మోసే సామాను కొంచెమే గాని దానిలో కోత పెట్టను. సన్నని కమ్మీ మీద ఎగిరే జెండా, రెండు వైపులా అద్దాలు, పగలు కూడా వెలిగే వెనుక దీపం. వాలి కూర్చున్నప్పుడు తల వెనక్కి తిప్పి చూడడం కుదరదు కాబట్టి ఒక అద్దం విరిగితే ఆ పక్క గుడ్డిదే. మడిచి పెట్టగల చిన్న అద్దం ఒకటి అదనంగా ఉంచుకున్నాను. సామాను కట్టాక బండి వెనుక నిలబడి దీపం కనబడుతున్నదో లేదో చూడాలి, పడక చుట్ట దాన్ని కప్పేస్తుంటుంది. కుక్కల సంగతి వేరే చెప్పాలి: ట్రైక్ మీద వాటి ముఖమూ మన ముఖమూ ఒకే ఎత్తులో ఉంటాయి, మాట్లాడుకోవడానికి ఇది అంత ఇష్టమైన ఏర్పాటు కాదు. బండి ఆపి గట్టిగా విజిల్ ఊదితే చాలావరకు అవి వెనక్కి తగ్గాయి. అందుకని విజిల్‌ను సంచిలో వేయకుండా మెడలోనే వేసుకుంటాను.

ట్రైక్‌కు స్టాండు అక్కరలేదు గాని వాలులో దానంతట అది దొర్లిపోగలదు. పార్కింగ్ బ్రేకు లేని బండికి బ్రేకు లివర్‌ను నొక్కి కట్టే వెల్క్రో పట్టీ ఉండాలి. ఉన్నదానికి కూడా కేబులు సాగినప్పుడు ఇదే ఆధారం.

ఇంట్లో వదిలేయదగినవి కూడా కొన్ని ఉన్నాయి. మెత్త కుట్టిన సైకిలు నిక్కర్లు, ఒరుపుకు రాసుకునే లేపనం ఇక్కడ అవసరమే రావు. అరచేతుల మీద బరువు పడదు కనుక మెత్త చేతితొడుగులు కూడా వద్దు. చైను ముట్టుకోవడానికి పల్చని రబ్బరు తొడుగులు ఒక జత చాలు. మజిలీలో కూర్చోవడానికి మడత కుర్చీ తెచ్చే వారిని చూశాను. బ్రేకు కట్టేసిన ట్రైక్‌ను మించిన కుర్చీ ఆ సంచుల్లో పట్టదు, ఆ చోటును రెండో నీటి సంచికి ఇవ్వడం మేలు.