క్వాలా బౌండరీ తల్లులకు ‘సేఫ్ సరెండర్’: ఐదుకి మూడున్నర

పశ్చిమ నార్త్ కరోలినా కొండల్లో ఓ ఆసుపత్రిలో పురిటి వార్డు నర్సుని నేను. కాన్పుకి వచ్చేవాళ్లలో ఈస్టర్న్ బ్యాండ్ చెరోకీ అనే అమెరికా మూలవాసుల తెగ అమ్మాయిలూ ఉంటారు. బిడ్డను పెంచలేనని అనుకున్న తల్లి జైలు భయం లేకుండా అప్పగించి వెళ్లే ‘సేఫ్ సరెండర్’ అనే ఏర్పాటు ఒకటుంది కదా, దాని గురించి వాళ్లకి చెప్పే పని ఎక్కువగా నా మీదే పడుతుంది. అందుకే హోటళ్లకీ మిక్సీలకీ రాసినట్టే దీనికీ ఓ రివ్యూ.

మంచి ముందు. ఈ రాష్ట్రంలో చట్టం 2001లో వచ్చింది. అప్పట్లో బిడ్డకి వారం దాటకూడదు. 2023 అక్టోబరు నుంచి గడువు 30 రోజులు. అర నక్షత్రం ఒక్క దీనికే ఇస్తాను. మొదటి వారమంతా కుట్ల సలుపు, పాలు గట్టిపడి జ్వరం, కంటి మీద కునుకుండదు. ఆ ఒంటితో ఎవరు మాత్రం ఆలోచించగలరు? డ్యూటీలో ఉన్న డాక్టరుకో నర్సుకో పోలీసుకో అంబులెన్సు వాళ్లకో సోషల్ వర్కర్‌కో ఇవ్వచ్చు. పేరు చెప్పక్కర్లేదు. బిడ్డను హింసించిన జాడలు లేకపోతే చాలు. కానీ చేతికే ఇవ్వాలి, గుమ్మం ముందు పెట్టి వెళ్తే ఈ రక్షణ వర్తించదు.

(చట్టంలో వయసు రాయడం ఎంత ముఖ్యమో నెబ్రాస్కా రాష్ట్రాన్ని అడగాలి. 2008లో పరిమితి లేకుండా చట్టం తెస్తే, మీసాలొచ్చే మగపిల్లల్ని కూడా ఆసుపత్రుల్లో దింపేసి వెళ్లారు. కొన్ని నెలలకే 30 రోజులని దిద్దుకున్నారు.)

ఇక చెరోకీల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. వాళ్ల తెగ భూమి క్వాలా బౌండరీలో కోర్టు వాళ్లదే, పోలీసులు వాళ్లే. పిల్లల సంరక్షణ కేసులు కూడా 2015 నుంచి తెగే చూసుకుంటోంది. రాష్ట్రం రాసిన ప్రతి నిబంధనా అక్కడ నేరుగా చెల్లదు. పైగా 1978 నాటి ఫెడరల్ చట్టం ఉంది. అంతకుముందు దేశంలో తెగల పిల్లల్ని పాతిక శాతం నుంచి ముప్పై అయిదు శాతం దాకా ఇళ్లలోంచి తీసుకెళ్లిపోయారు, దానికి విరుగుడుగా తెచ్చిందే ఇది. దీని ప్రకారం బిడ్డ పుట్టకముందు గానీ, పుట్టిన పది రోజుల్లోపు గానీ బిడ్డను వదులుకుంటానని తల్లి ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదు. ఆ తర్వాతైనా జడ్జి ముందు రాసివ్వాలి. దత్తతకి ముందు బంధువులు, తర్వాత ఆ తెగవాళ్లు, ఆ తర్వాత వేరే తెగలవాళ్లు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2తో దీన్ని నిలబెట్టింది.

అంటే ఒక చట్టం నోరెత్తకుండా వెళ్లిపొమ్మంటుంది, ఇంకోటి జడ్జి ముందుకొచ్చి చెప్పమంటుంది. మధ్యలో బిడ్డ.

మనకి గోత్రం తండ్రి నుంచి వస్తే, చెరోకీలకి క్లాన్ తల్లి నుంచి వస్తుంది. మొత్తం ఏడు క్లాన్లు. తల్లెవరో తెలియకపోతే బిడ్డ ఏ క్లానో తేలదు. ఈస్టర్న్ బ్యాండ్‌లో సభ్యత్వం కావాలంటే 1924 నాటి తెగ సభ్యుల జాబితా ‘బేకర్ రోల్’లో పూర్వీకులుండాలి, కనీసం పదహారో వంతు రక్తం ఉండాలి. పేరే లేని బిడ్డకి అదెలా చూపిస్తారు? తెగ క్యాసినో ఆదాయంలో సభ్యులకొచ్చే వాటా సంగతి సరేసరి. మనవరాలి కాన్పుకొచ్చిన ఓ పెద్దావిడ మా గోడ మీది పోస్టరు పూర్తిగా చదివి, “తల్లి పేరు వద్దు, ఒప్పుకుంటా. రేపు ఆ పిల్ల నేనెవరి మనిషినని అడిగితే ఎవరు చెప్తారమ్మా?” అంది. నా దగ్గర జవాబు లేదు.

ఒకటిన్నర నక్షత్రం కోసింది అందుకే. వివరాలు అడగడానికి చట్టం అడ్డు చెప్పదు, జవాబివ్వడం మాత్రం తల్లి ఇష్టం. అయినా మా దగ్గరున్న ఫారంలో ఆస్తమాకి గడి ఉంది, షుగరుకి ఉంది, తెగకి లేదు. నేను పక్కన ఖాళీలో చేత్తో రాస్తున్నాను. పైవాళ్లకి చెప్పాను, కమిటీలో పెడతామన్నారు, ఇంకా పెడుతూనే ఉన్నారు.

ఎవరికి పనికొస్తుందంటే: ఇంట్లో ప్రమాదం లేనివాళ్లు ముందు తెగ కుటుంబ సేవల వాళ్లతో మాట్లాడండి. అమ్మమ్మో పిన్నో పెంచుకునే దారి అక్కడ దొరకొచ్చు, బిడ్డ క్లానూ పోదు. ఇంట్లో ఎవరికైనా భయపడి దాచి కన్నవాళ్లు ఏ వేళైనా సరే రండి. మీ పేరు మాకొద్దు. తెగ పేరు చెప్తే చాలు, కబురు చేరవేయడం మా పని.