నాపాలో వైన్ టేస్టింగ్‌కి వెళ్తున్నారా? ట్యాబ్ మీద సంతకం పెట్టేముందు ఆగండి

బే ఏరియాలో ఉండే మనవాళ్ళకి, ముఖ్యంగా ఇండియా నుంచి ఫ్రెండ్స్ వస్తే "పదండి, నాపా చూపిస్తాం" అనేవాళ్ళకి ఈ పోస్టు.

జూలై చివర్లో ఆరుగురం ఫ్రీమాంట్ నుంచి బయల్దేరి, హైవే 29 మీద సెయింట్ హెలీనా దగ్గర ఒక వైనరీకి వెళ్ళాం. పేరు రాయను. వైన్, చీజ్ కలిపి టేస్టింగ్, మనిషికి 60 డాలర్లు. డ్రైవింగ్ మా బావగారిది కాబట్టి ఆయన ద్రాక్షరసం తాగారు. ఆయనకీ 60 డాలర్లే వేశారు. నాకు అనుమానం అక్కడే రావాల్సింది.

నిజం చెప్పాలంటే మొదటి జత చాలా బాగుంది. చల్లటి సావిన్యోఁ బ్లాంక్ అనే తెల్ల వైన్, పక్కన మేకపాల చీజ్. రెండింటి పులుపూ ఒకదాన్నొకటి తగ్గించేసి నోట్లో కమ్మటి వెన్న రుచి మిగిలింది. తర్వాతి చీజ్ ముక్కలు మాత్రం ఫ్రిజ్‌లోంచి నేరుగా తెచ్చి పెట్టారు. అరగంటైనా బయట ఉంచకపోతే చీజ్‌కి వాసనా ఉండదు, రుచీ ఉండదు.

మాలో ఇద్దరు శాకాహారులు. బుకింగ్‌లోనే ఆ సంగతి రాశాం. అయినా కాబెర్నే అనే ఎర్ర వైన్ పక్కన పార్మిజానో రెజ్జానో అనే ఇటాలియన్ చీజ్ పెట్టారు. తిన్నాక మా ఫ్రెండ్‌కి డౌటొచ్చి "ఇందులో ఏ రెనెట్ వాడతారు?" అనడిగితే, వడ్డించే అబ్బాయి "ఇందులో మాంసం లేదుగా" అని నవ్వాడు. ఆ పేరుతో అమ్మే చీజ్‌కి పాలు గడ్డకట్టించాలంటే దూడ కడుపులోంచి తీసిన రెనెట్టే వాడాలి, అది దాని నిబంధన. ఇండియాలోలా ఇక్కడ ఆకుపచ్చ చుక్క ఉండదు, చాలా ప్యాకెట్ల మీద ఉత్త "ఎంజైమ్స్" అని రాసి ఊరుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా మా ఫ్రెండ్ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి. ఒక్కో గ్లాసులో రెండు గుక్కలే, కానీ ఐదో గ్లాసుకి వచ్చేసరికి అందరం హుషారుగా ఉన్నాం. సరిగ్గా అప్పుడే ట్యాబ్ తెచ్చారు. వాళ్ళ వైన్ క్లబ్‌లో (అప్పుడప్పుడు వాళ్ళే ఇంటికి సీసాలు పంపి, కార్డు మీద డబ్బు వేసుకునే పద్ధతి) చేరితే ఇద్దరి ఫీజు మాఫీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు క్యాన్సిల్ చేసుకోవచ్చు అన్నారు. 120 డాలర్లు మిగిలాయని మురిసిపోయి వేలితో గీకేశాను.

మూడు వారాల తర్వాత కార్డు మీద 312 డాలర్లు పడింది. ఆరు సీసాలు, షిప్పింగ్ అదనం. ఫోన్ చేస్తే, కనీసం రెండు షిప్‌మెంట్లు తీసుకున్నాకే క్యాన్సిల్ అన్నారు. ఈలోపు పార్సిల్ వచ్చింది. 21 ఏళ్ళు దాటినవాళ్ళు సంతకం పెడితేనే ఇస్తారు, మేమిద్దరం ఆఫీసుల్లో. ఆగస్టు ఎండలో మూడు రోజులు ఆ పెట్టె ట్రక్కులోనే తిరిగింది. విప్పి చూస్తే రెండు సీసాల్లో కార్క్ పైనున్న రేకుని తోసుకుని ఉబ్బింది, ఒకదాని మెడ చుట్టూ జిగటగా ఎర్రటి చార. తెరిస్తే ఉడికిన కిస్‌మిస్ వాసన. "డెలివరీ తీసుకోకపోవడం మీ తప్పు" అన్నారు.

కాలిఫోర్నియాలో 2010 నుంచి ఆటో-రెన్యువల్ చట్టం ఉంది. షరతులు స్పష్టంగా కనపడేలా చూపించి, మన ఒప్పుదల తీసుకున్నాకే కార్డు మీద వేయాలి. ఆ మాట మెయిల్‌లో రాశాక రెండో షిప్‌మెంట్ రద్దు చేశారు. మొదటి డబ్బు మాత్రం రాలేదు. కాబట్టి చేరాలనిపిస్తే, ఎన్ని షిప్‌మెంట్లు తప్పనిసరో అక్కడే మెయిల్ పెట్టించుకోండి, ఇంటికొచ్చి మర్నాడు చేరండి. అదే ఆఫర్ మర్నాడు ఇవ్వనంటే ఇంక చెప్పేదేముంది.

వేసవిలో పంపొద్దు, అక్టోబరు దాకా ఆపండి అంటే చాలాచోట్ల ఆపుతారట. ఈ ముక్క మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు, నేను ఆ రెండు సీసాలూ సింకులో పోసేశాక.